ఏడు డాలర్లు ముట్టని పటాలం

జూలై 17 వచ్చిందంటే మన పేటల్లో, గూడేల్లో కారంచేడు అమరుల్ని తలుచుకుంటాం. తాగే నీళ్లు పాడుచేయొద్దన్న ఒక్క మాట దగ్గర మొదలై 1985లో ఆ రోజు ఆరుగురిని వెంటాడి చంపినదాకా పోయింది. ఆ మర్నాడు, జూలై 18, మన క్యాలెండర్లో ఏ గుర్తూ లేని తేదీ. కానీ అది కూడా మనలాంటి జనం నెత్తురు ధారపోసిన రోజే. 1863 జూలై 18 పొద్దుగూకే వేళ అమెరికాలో చార్లెస్టన్ రేవు దగ్గర, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఇసుక కోట మీదికి నల్లవాళ్ల పటాలం ఒకటి దూకింది. దాని పేరు 54వ మసాచుసెట్స్ వాలంటీర్ పటాలం. 1863 వసంతంలో పుట్టి 1865 ఆగస్టులో రద్దయిపోయింది. రెండున్నరేళ్ల బతుకు. ఆ పటాలం గురించి ఈ సంచికలో మేము రాయదలుచుకున్నాం.

ఎక్కడి అమెరికా, ఎక్కడి మన పల్లె అని అడిగేవాళ్లు ఉంటారు. మహాత్మా ఫూలే అట్లా అనుకోలేదు. 1873లో ‘గులాంగిరి’ రాసి, నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చారు. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా చదువుకున్నది న్యూయార్క్‌లోనే. 1946లో ఆయన నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో ‘దళిత పాంథర్స్’ అని పేరు పెట్టుకున్న యువకులు ఆ పేరును అమెరికా నల్లవాళ్ల దగ్గర్నుంచే తెచ్చుకున్నారు. ఈ చుట్టరికం మేము ఇవాళ కలుపుకున్నది కాదు, మన పెద్దలు కలిపిపెట్టి పోయినదే.

ఆ కోట మీద పటాలం చూపిన ధైర్యం గురించి పుస్తకాలున్నాయి, 1989లో హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. మా దృష్టి ఇంకో పోరాటం మీద ఉంది. అది తుపాకీతో చేసింది కాదు. ఆ సిపాయిలు పద్దెనిమిది నెలలు జీతం ముట్టలేదు. తెల్ల సిపాయికి ఒక జీతం, మాకొక జీతం అంటే ఆ తక్కువ జీతం మాకొద్దన్నారు. ప్రాణం ఇస్తాం గానీ సగం మనిషి లెక్కన కూలి మాత్రం తీసుకోం అన్నారు. మన కార్యకర్తలు ఊరూరా చెప్పుకోవలసిన కథ ఇది.

ముందు యుద్ధం సంగతి. 1861 నాటికి అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో దాదాపు 40 లక్షల మంది నల్లవాళ్లు బానిసలు. పత్తి చేలల్లో పుట్టి, పత్తి చేలల్లో చచ్చేవాళ్లు. మనిషిని సంతలో గొడ్డులా అమ్మేవాళ్లు, కొనేవాళ్లు. ఆ బానిసత్వాన్ని కాపాడుకోడానికి పదకొండు రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామన్నాయి. ఉత్తరాది ప్రభుత్వం విడిపోనియ్యం అన్నది. 1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలైంది. తెల్లవారేసరికి ఉత్తరాది నల్లవాళ్లు మేమూ వస్తాం, తుపాకులియ్యండి అని క్యూ కట్టారు. ఇది తెల్లవాళ్ల యుద్ధం, మీ పని కాదు, ఇంటికి పొమ్మన్నారు. బానిసల వల్ల వచ్చిన యుద్ధంలో బానిస జాతికి చోటు లేకపోయింది!

ఒక ఏడాది గడిచింది. రెండో ఏడు నడుస్తోంది. శవాలు గుట్టలు పడుతున్నాయి, కొత్తగా చేరేవాళ్లు తగ్గిపోతున్నారు. అప్పుడు గుర్తొచ్చారు నల్లవాళ్లు. 1862 జూలై 17న చేసిన మిలీషియా చట్టం వాళ్లను సైన్యంలోకి తీసుకోవచ్చన్నది. 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన చేశాడు. జనవరి 26న మసాచుసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూకు నల్ల పటాలం కట్టుకోడానికి అనుమతి దొరికింది. దక్షిణ కరోలినాలో, లూసియానాలో, కాన్సాస్‌లో అప్పటికే నల్ల పటాలాలు లేచాయి. ఉత్తరాది గడ్డ మీద కట్టినవాటిలో మాత్రం 54వది మొదటి వరసలోది. దేశమంతా దాని మీదే కళ్లు పెట్టింది. నల్లవాడు నిలబడి పోరాడతాడా, తుపాకీ చప్పుడుకు పారిపోతాడా అని పందేలు కాసినట్టు చూసింది.

మనుషుల్ని చేర్పించడానికి ఊరూరా తిరిగినవాళ్లలో ఫ్రెడరిక్ డగ్లస్ ముఖ్యుడు. ఆయన బానిసగా పుట్టి, 1838లో తప్పించుకుని వచ్చి, నల్లజాతికి గొంతుక అయినవాడు. పరాయి బిడ్డల్ని పంపి తన బిడ్డల్ని ఇంట్లో పెట్టుకోలేదు. కొడుకులు లూయిస్, చార్లెస్ ఇద్దర్నీ ఈ పటాలంలో చేర్పించాడు. పక్క రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి కూడా వచ్చి వెయ్యి మంది పైచిలుకు చేరారు. కూలీలు, రైతులు, ఓడ కళాసీలు, మంగలి పని చేసేవాళ్లు, హోటళ్లలో వడ్డించేవాళ్లు. సినిమాలో చూపినట్టు అందరూ పారిపోయి వచ్చిన బానిసలు కాదు. ఎక్కువమంది ఉత్తరాదిలో స్వేచ్ఛగా పుట్టినవాళ్లే. చాలామందికి చదవడం, రాయడం వచ్చు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీని అవసరం వస్తుంది.

పటాలం నల్లది, పెత్తనం తెల్లది. నల్లవాడికి ఆఫీసరు హోదా ఇవ్వకూడదని పైనుంచి ఆజ్ఞ. సార్జెంటు దగ్గర ఆగిపోవాల్సిందే. కర్నల్ రాబర్ట్ గౌల్డ్ షా పాతికేళ్ల తెల్ల యువకుడు, బానిసత్వాన్ని వ్యతిరేకించిన ధనిక కుటుంబం వాడు. 1863 మే 28న బోస్టన్ వీధుల్లో కవాతు చేసి ఓడెక్కారు. వేలమంది చూడ్డానికి వచ్చారు. అదే నెల మొదట్లో దక్షిణాది బానిస యజమానుల పార్లమెంటు ఒక తీర్మానం చేసి ఉంది: నల్ల సిపాయిలు దొరికితే యుద్ధ ఖైదీలుగా చూడరు, ఆయా రాష్ట్రాలకు అప్పజెబుతారు. అంటే ఉరి, లేదా మళ్లీ సంతలో వేలం. వాళ్ల తెల్ల ఆఫీసర్లకు మరణశిక్ష. ఇదంతా తెలిసే ఓడెక్కారు.

జూలై 18న వాగ్నర్ కోట. మోరిస్ దీవిలో ఒక పక్క సముద్రం, ఒక పక్క బురద, నడుమ సన్నటి ఇసుక దారి. రెండు రాత్రుల నిద్ర లేదు, కడుపులో సరైన తిండి లేదు. దాడికి ముందు వరుసలో 54వది నిలబడింది. ఆరువందల మంది ఆ దారిన కోట మీదికి ఉరికారు. గోడ ఎక్కారు, లోపలివాళ్లతో కలియబడ్డారు, కానీ నిలబెట్టుకోలేకపోయారు. చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు, చిక్కిపోయినవాళ్లు కలిసి 270 పైచిలుకు. దాదాపు సగం పటాలం. కర్నల్ షా కోట గోడ మీదే చచ్చిపోయాడు. జెండా పట్టినవాడు పడిపోతే సార్జెంట్ విలియం కార్నీ ఆ జెండా అందుకున్నాడు. ఒంటినిండా తూటాలు తగిలినా నేలకు తాకనివ్వకుండా వెనక్కి తెచ్చాడు. కార్నీ వర్జీనియాలో బానిసగా పుట్టినవాడు.

షా శవాన్ని అతని నల్ల సిపాయిలతో కలిపి ఒకే గోతిలో పూడ్చారు దక్షిణాదివాళ్లు. తెల్ల ఆఫీసరును అంతకన్నా అవమానపరిచే మార్గం వాళ్లకు కనపడలేదు. మన దగ్గర శ్మశానం కూడా వేరు కదా, ఆ ఆలోచన మనకు కొత్తది కాదు. కానీ షా తండ్రి మాత్రం నా కొడుకుకు అంతకన్నా మంచి చోటు లేదు, శవాన్ని తవ్వి తీయొద్దన్నాడు. ఆ పెద్దమనిషికి మేము దండం పెడుతున్నాం.

ఆ సాయంత్రం తర్వాత నల్లవాడు పోరాడతాడా అన్న ప్రశ్న మూతపడింది. పత్రికలు పొగిడాయి. నాయకులు పొగిడారు. ఇక జీతాల రోజు వచ్చింది.

చేర్చుకునేటప్పుడు చెప్పింది నెలకు 13 డాలర్లు, తెల్ల సిపాయితో సమానం. గవర్నరు మాటిచ్చాడు, యుద్ధ శాఖ మంత్రి హామీ ఉందన్నాడు. వాళ్లు ఓడెక్కి వెళ్లాక 1863 జూన్‌లో యుద్ధ శాఖ చట్టం పుస్తకం తిరగేసింది. 1862 నాటి మిలీషియా చట్టం ప్రకారం నల్లవాడికి నెలకు 10 డాలర్లు, అందులో 3 డాలర్లు బట్టల కింద కోత అన్నది. చేతికి వచ్చేది 7. తెల్ల సిపాయికి 13, పైగా బట్టల ఖర్చు వేరే. తెల్ల సార్జెంటుకు 17. నల్ల సార్జెంటుకూ అదే 7 డాలర్లు. హోదా పెరిగినా జీతం పెరగదు, ఎందుకంటే జీతం పనిని బట్టి కాదు, పుట్టుకను బట్టి!

ఆ చట్టం చేసినవాళ్ల కళ్లముందు ఉన్నది సిపాయి కాదు, కూలి. నల్లవాళ్లను గోతులు తవ్వడానికి, మూటలు మోయడానికి తెచ్చుకోవాలనుకున్నారు, ఆ లెక్కన కూలి రాశారు. వాళ్లు గోతులూ తవ్వారు, కోట మీదికీ ఉరికారు. పని మారింది, కూలి మారలేదు. ఊళ్లో మాదిగ డప్పు కొట్టినా, మాల కబురు మోసినా, చదువుకుని ఆఫీసులో కుర్చీ ఎక్కినా పాత లెక్కతోనే చూసే కళ్లు మనకు తెలియనివి కాదు.

జీతాలిచ్చే ఆఫీసరు డబ్బు సంచి తెచ్చాడు. పటాలం వరుసలో నిలబడింది. తీసుకోము అన్నది. మళ్లీ వచ్చాడు, మళ్లీ తీసుకోమన్నారు. తోటి 55వ మసాచుసెట్స్ పటాలం కూడా అదే మాట. పని మాత్రం ఆపలేదు. కాపలా కాశారు, కందకాలు తవ్వారు, పోరాడారు. జీతం మాత్రం ముట్టలేదు.

కార్పొరల్ జేమ్స్ హెన్రీ గూడింగ్ అని ఒకాయన ఉండేవాడు. తిమింగలాల వేటకు పోయే ఓడల్లో పనిచేసినవాడు. 1863 సెప్టెంబరు 28న నేరుగా అధ్యక్షుడు లింకన్‌కే ఉత్తరం రాశాడు. బతిమాలుకోలేదు. మేము సిపాయిలమా, కూలీలమా, చెప్పండి అని అడిగాడు. సిపాయి పని చేశాం, సిపాయి జీతం ఎందుకియ్యరు అని నిలదీశాడు. చదువు వచ్చినవాళ్లు ఎక్కువమంది ఉన్నారని ఇందాక చెప్పింది అందుకే. ఇలాంటి ఉత్తరాలు పత్రికలకు, గవర్నరుకు, పార్లమెంటు సభ్యులకు పోయాయి. గుడారంలో దీపం పెట్టుకుని సిపాయిలు రాసిన ఆ కాగితాలే వాళ్ల రెండో ఆయుధం.

ఇప్పుడు వచ్చేది అసలు ఘట్టం. గవర్నర్ ఆండ్రూ మంచివాడు. తన మాట పోయిందని బాధపడ్డాడు. 1863 నవంబరులో మసాచుసెట్స్ శాసనసభతో చట్టం చేయించాడు. కేంద్రం తక్కువ ఇస్తున్న డబ్బును మా రాష్ట్రమే కలిపి ఇస్తుంది, మీకు పూర్తిగా 13 వస్తుంది అన్నాడు. మనుషుల్నిచ్చి డబ్బు కూడా పంపించాడు. ఇంటి దగ్గర పెళ్లాం బిడ్డలు పస్తులుంటున్నారు. లెక్క సరిపోయింది. ఎవరైనా ఏమంటారు? తీసుకో అంటారు.

వాళ్లు తీసుకోలేదు.

మీ ప్రేమకు దండం, డబ్బు వెనక్కి తీసుకుపొమ్మన్నారు. ఈ డబ్బు తీసుకుంటే మేము ఇన్నాళ్లూ కొట్లాడింది నాలుగు డాలర్ల కోసమేనని లోకం అనుకుంటుంది, మేము కొట్లాడుతున్నది మనుషులమని ఒప్పించడానికి అన్నారు. ఏ ప్రభుత్వం మమ్మల్ని తక్కువ చేసిందో ఆ ప్రభుత్వమే సమానం చేయాలి అన్నారు.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలని మా కోరిక. శత్రువు విసిరిన ఎంగిలి మెతుకును కాలదన్నడం కష్టం కాదు, కోపం తోడొస్తుంది. స్నేహితుడు కళ్లనీళ్లతో పెట్టిన అన్నాన్ని వద్దనడం కష్టం. ఆకలితో ఉన్నప్పుడు మరీ కష్టం. హక్కుకూ దయకూ మధ్య గీత ఎక్కడుందో ఆ కూలీలకు, కళాసీలకు, మంగలి పనివాళ్లకు తెలిసింది. మన దగ్గర పెద్ద పెద్ద డిగ్రీలు చదివినవాళ్లకే చాలాసార్లు తెలియదు.

దీనికి కట్టిన ఖరీదు తక్కువది కాదు, అది దాచిపెట్టి పొగడడం మాకిష్టం లేదు. జీతం వద్దన్నది సిపాయి, పొయ్యి ఆరింది ఇంటి దగ్గర. కొందరి భార్యాబిడ్డలు ధర్మసత్రాల పాలయ్యారు. ఇంట్లో పిల్లలు ఏడుస్తున్నారని ఉత్తరాలు వచ్చేవి, జవాబులో పంపడానికి చేతిలో పైసా ఉండేది కాదు. ఈ పోరాటంలో ఆ ఆడవాళ్ల వాటా ఎంత ఉందో ఏ శిలాఫలకం మీదా చెక్కలేదు. పటాలంలో కూడా అందరూ ఒకే తీరుగా ఉన్నారని మేము అనం. 1864 నాటికి పనికి రామని మొండికేసినవాళ్లు, ఇక తిరగబడదామన్నవాళ్లు ఉన్నారు. ఓపిక ఎవరికైనా ఎంతకాలం ఉంటుంది?

తిరగబడ్డవాళ్ల గతి కూడా చెప్పాలి. 3వ దక్షిణ కరోలినా అని పక్కన ఇంకో నల్ల పటాలం. అందులో అందరూ మొన్నమొన్నటిదాకా బానిసలు. గవర్నరు అండ లేదు, పత్రికల్లో రాసేవాడు లేడు. 1863 నవంబరులో సార్జెంట్ విలియం వాకర్ తన మనుషుల్ని తీసుకెళ్లి కర్నల్ గుడారం ముందు తుపాకులు కుప్ప పెట్టించాడు. సమాన జీతం ఇవ్వని ప్రభుత్వానికి ఇక పనిచేయం అన్నాడు. ప్రభుత్వం దాన్ని తిరుగుబాటు అన్నది. 1864 ఫిబ్రవరి 29న తోటి సిపాయిల ముందు నిలబెట్టి కాల్చి చంపింది. ఆ మనిషికి జీతమియ్యడానికి చట్టం దొరకని ప్రభుత్వానికి కాల్చడానికి మాత్రం చట్టం దొరికిందని గవర్నర్ ఆండ్రూ తర్వాత అన్నాడు. ఒకే డిమాండు. ఒకరికి చప్పట్లు, ఒకరికి తూటాలు. అండ ఉన్న దళితుడికీ, అండ లేని దళితుడికీ చట్టం ఎట్లా వేరువేరుగా పనిచేస్తుందో మనం చూడని సంగతా? 54వ పటాలాన్ని తలుచుకునే ప్రతిచోటా వాకర్‌ను కూడా తలుచుకోవాలి. అతని పటాలం తర్వాత 21వ నల్ల పటాలంలో కలిసింది. 1865 ఫిబ్రవరి 18న, యుద్ధం మొదలైన ఆ చార్లెస్టన్ పట్టణంలోకి ముందుగా అడుగుపెట్టింది ఆ 21వదే.

అదే 1864 ఫిబ్రవరిలో, 20వ తేదీన, ఫ్లోరిడాలో ఒలస్టీ దగ్గర యుద్ధం జరిగింది. ఉత్తరాది సేన ఓడి పారిపోతుంటే వెనక నిలబడి కాపాడినవాళ్లలో 54వది ఉంది. మాకు ఏడు డాలర్లు అని ఎగతాళిగా కేకలు పెడుతూ యుద్ధంలోకి దిగారు. గాయపడ్డవాళ్లను తీసుకొస్తున్న రైలు ఇంజను దారిలో చెడిపోయింది. అలిసిపోయి వస్తున్న 54వ పటాలం వెనక్కి పోయి, రైలు పెట్టెలకు తాళ్లు కట్టి, భుజాలతో లాక్కొచ్చింది. అప్పటికి ఏడాదిగా వాళ్లకు ఒక్క డాలరు జీతం అందలేదు. ఉత్తరం రాసిన గూడింగ్ ఆ యుద్ధంలోనే గాయపడి శత్రువుకు చిక్కాడు. 1864 జూలై 19న ఆండర్సన్‌విల్ ఖైదులో చనిపోయాడు.

ఆయన చనిపోవడానికి నెల ముందు, 1864 జూన్ 15న, అమెరికా పార్లమెంటు సమాన జీతం చట్టం చేసింది. గెలిచారు. కానీ ఆ గెలుపులోనూ ఒక మెలిక పెట్టారు. నల్ల సిపాయిలందరికీ 1864 జనవరి 1 నుంచి సమాన జీతం. అంతకుముందు నెలల బాకీ మాత్రం 1861 ఏప్రిల్ 19 నాటికి స్వేచ్ఛగా ఉన్నవాళ్లకే. ఆ రోజుకు బానిసగా ఉన్నవాడికి పాత బాకీ లేదు. అంటే ఒకే పటాలంలో, ఒకే వరుసలో నిలబడి, ఒకే కోట మీదికి ఉరికిన ఇద్దరిలో ఒకడికి ఇస్తారు, ఒకడికి ఇయ్యరు. బానిసగా బతికినందుకు మళ్లీ ఒక జరిమానా! ఇచ్చే చేత్తోనే మధ్యలో గీత గీయడం పాలకుల పాత విద్య.

పటాలం ఆ గీత దగ్గర విడిపోలేదు. షా తర్వాత వచ్చిన కర్నల్ హాలోవెల్ క్వేకర్ మతం ఇంటివాడు. ఒక ప్రమాణం రాశాడు. ‘నువ్వు స్వేచ్ఛగా ఉన్నావా’ అని అడగలేదు. ఆ తేదీ నాటికి కూలి లేని చాకిరీ నువ్వు ఏ మనిషికీ బాకీ లేవని ప్రమాణం చెయ్యి అన్నాడు. మన భాషలో చెప్పాలంటే, నీ చేత వెట్టి చేయించుకునే హక్కు ఏ మనిషికీ లేదు అని ప్రమాణం. తప్పించుకొచ్చిన బానిస కూడా గుండె మీద చెయ్యేసుకుని ప్రమాణం చేశాడు. అందులో అబద్ధం ఏముంది? యజమాని వెట్టి చేయించాడు, నిజం. కానీ అతనికి ఆ హక్కు ఎవరిచ్చారు? ఏ దేవుడిచ్చాడు? బానిస ఏనాడూ బాకీ లేడు, బాకీ ఉన్నది యజమానే. దొరల గడీల్లో వెట్టి చేసిన తాతల మనవలం మనం. ఈ ఒక్క వాక్యం అర్థం కావడానికి మనకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

1864 సెప్టెంబరు చివర, పద్దెనిమిది నెలల తర్వాత, మొదటిసారి జీతం ముట్టారు. మొత్తం బాకీ తీర్చడానికి లక్షా డెబ్బై వేల డాలర్లు పట్టింది. అక్టోబరు 10న పండగ చేసుకున్నారు. ఆ డబ్బులో పెద్ద వాటా వెంటనే ఇళ్లకు పోయింది. దక్షిణ కరోలినాలోని మాజీ బానిసల పటాలాలకు మాత్రం పాత బాకీ కోసం 1865 మార్చి 3 నాటి ఇంకో చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మధ్యలో, చట్టం వచ్చిన మూడు రోజులకే, 1864 జూన్ 18న, 55వ పటాలంలో వాలెస్ బేకర్ అనే సిపాయిని తిరుగుబాటు నేరం కింద కాల్చేశారు. చట్టం కాగితం మీదకు వచ్చినంత మాత్రాన తూటా ఆగదు.

ఆఫీసరు హోదా గొడవ కూడా అట్లాగే నడిచింది. సార్జెంట్ స్టీఫెన్ స్వెయిల్స్‌ను 1864లోనే గవర్నరు ఆఫీసరుగా నియమించాడు. నల్ల రక్తం ఉందని యుద్ధ శాఖ ఒప్పుకోలేదు. 1865 జనవరి దాకా తిప్పించి తిప్పించి ఒప్పుకుంది. ఆగస్టులో పటాలమే రద్దయింది! యుద్ధం ముగిసేసరికి ఉత్తరాది సైన్యంలో నల్ల సిపాయిలు లక్షా ఎనభై వేల దాకా. వాళ్లలో దాదాపు 40 వేల మంది చనిపోయారు, ఎక్కువమంది రోగాలతో.

తర్వాత? బానిసత్వం రద్దయింది, పౌరసత్వం వచ్చింది, ఓటు వచ్చింది. స్వెయిల్స్ దక్షిణ కరోలినాలోనే ఉండి 1868లో రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యాడు. నిన్నటి బానిసలు ఓట్లేసి గెలిపించారు. 1877లో ఉత్తరాది ప్రభుత్వం తన సేనను పక్కకు తప్పించింది. పాత యజమానులు తుపాకులతో, ముసుగులతో తిరిగి పెత్తనానికి వచ్చారు. 1878లో స్వెయిల్స్‌ను చంపుతామని బెదిరించి రాష్ట్రం నుంచే తరిమారు. గెలిచిన హక్కును కాపలా కాయకపోతే ఏమవుతుందో దీన్ని చూసి తెలుసుకోవాలి.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. 1897లో బోస్టన్‌లో ఈ పటాలానికి కంచు శిల్పం పెట్టారు. గుర్రం మీద షా, పక్కన నడుస్తున్న నల్ల సిపాయిలు. చచ్చిన తెల్ల ఆఫీసర్ల పేర్లు దాని మీద చెక్కారు. నల్ల సిపాయిల పేర్లు చెక్కలేదు. ఎనభై ఏళ్లకు పైగా గడిచాక 1980ల మొదట్లో గానీ వాగ్నర్ దగ్గర పడిపోయిన 64 మంది పేర్లు దాని మీదికి ఎక్కలేదు. జెండా కాపాడిన కార్నీకి పతకం ఇచ్చింది 1900లో, 37 ఏళ్ల తర్వాత. చావు అందరిదీ, పేరు కొందరిదే.

మన దేశం సంగతీ ఇంతే. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పోరాడిన మహర్ సిపాయిల పేర్లు అక్కడి స్తంభం మీద ఉన్నాయి. ఆ పేర్లకు దండం పెట్టడానికి బాబాసాహెబ్ 1927లో వెళ్లారు. కానీ ఏ సర్కారు ఆ పేర్లు చెక్కిందో అదే సర్కారు 1890లలో మహర్లు యోధ జాతి కాదని సైన్యంలో తలుపులు మూసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం వస్తే 1917లో 111వ మహర్ పటాలం కట్టింది, 1921లో రద్దు చేసింది. మళ్లీ యుద్ధం వస్తే 1941లో మహర్ రెజిమెంట్, 1943లో చమార్ రెజిమెంట్. చమార్ రెజిమెంట్‌ను 1946లో రద్దు చేశారు. అవసరం వస్తే మనం వీరులం, అవసరం తీరితే అంటరానివాళ్లం.

కాబట్టి మేము ఒక ప్రశ్న అడుగుతున్నాం. మనిషినని రుజువు చేసుకోవడానికి మనిషి చావాలా? తెల్లవాడి రుజువు ఎవరూ అడగలేదు. అగ్రవర్ణం వాడి రుజువు ఎవరూ అడగరు. 54వ పటాలం వాగ్నర్ కోట మీద ఆ రుజువు ఇచ్చింది, అయినా చేతిలో ఏడు డాలర్లే పెట్టారు. రుజువు చాల్లేదు. చట్టాన్ని మార్చింది వాళ్ల చావు ఒక్కటే కాదు, ఏడు డాలర్లు వద్దన్న వాళ్ల చెయ్యి. ప్రాణత్యాగం జాలి పుట్టించింది. నిరాకరణ లెక్క మార్చింది. మేము ఈ సంపాదకీయం రాస్తున్నది ఈ ఒక్క ముక్క కోసమే.

మన ఊళ్లలోకి రండి. మున్సిపాలిటీల్లో ఒకే వీధి ఊడ్చే ఇద్దరిలో పర్మినెంటు మనిషికి ఒక జీతం, కాంట్రాక్టు మనిషికి ఒక జీతం. చీపురు ఒకటే, కంపు ఒకటే. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పినా, ఆ మాట చీపురు పట్టిన చేతిదాకా రావడం లేదు. పండక్కి చీర పెడతారు, కాళ్లు కడిగి ఫోటోలు దిగుతారు. చీర వద్దు, జీతం కావాలి అనేవాళ్లు ఎంతమంది? దాడి జరిగితే పెద్దమనుషులు వస్తారు. ఇంత డబ్బిస్తాం, ఇంటి స్థలం ఇస్తాం, కేసు మాత్రం వద్దు, ఊళ్లో కలిసి ఉండాలి కదా అంటారు. పరిహారం హక్కుగా వస్తే తీసుకుందాం. న్యాయానికి బదులుగా వస్తే అది ఏడు డాలర్ల జీతమే. మనలో మనకు గీత గీసి, నీకు ముందు, వాడికి తర్వాత అంటే, ఆ గీతను చెరిపే ప్రమాణం మనం రాసుకోవాలి.

ఆకలిగొన్నవాడికి తీసుకోవద్దని చెప్పడం సంపాదకీయం రాసినంత తేలిక కాదని మాకు తెలుసు. 54వ పటాలం వాళ్లు ఒక్కొక్కరుగా వద్దనలేదు. ఒక్కడే వద్దంటే వాకర్‌ను కాల్చినట్టు కాలుస్తారు, లేదా ఆకలితో వంచుతారు. వరుస మొత్తం కలిసి వద్దన్నది. పక్క పటాలం కూడా వద్దన్నది. ఉత్తరాలు రాసేవాళ్లు రాశారు, మాట్లాడేవాళ్లు మాట్లాడారు, ఇంటి దగ్గర ఆడవాళ్లు ఓర్చుకున్నారు. అందుకే సంఘం కావాలి. వద్దన్న కుటుంబానికి వారం రోజుల బియ్యం సంఘం పెట్టగలిగితేనే ఆత్మగౌరవం మాట నోట్లోంచి గట్టిగా వస్తుంది. పెట్టలేకపోతే మన ఉపన్యాసాలు వాళ్ల ఆకలి మీద మనం కట్టే జెండాలు మాత్రమే అవుతాయి. కార్యకర్తలు ఈ మాట మీద తమ తమ గూడేల్లో చర్చ పెట్టాలని మా మనవి.

ఈ జూలై 17న కారంచేడు అమరులకు దివిటీ పట్టినప్పుడు, ఆ దివిటీని ఆర్పకండి. మర్నాటిదాకా వెలగనివ్వండి. వాగ్నర్ ఇసుకలో ఒకే గోతిలో పడుకున్న ఆ పరాయి దేశపు అన్నదమ్ముల కోసం, తుపాకులు కుప్ప పెట్టించిన సార్జెంట్ వాకర్ కోసం, ఉత్తరానికి జవాబు వినకుండానే పోయిన గూడింగ్ కోసం, పేర్లు తెలియని వాళ్ల ఇంటి ఆడవాళ్ల కోసం.

వెట్టి ఎవరికీ బాకీ లేం. జై భీమ్.